తిరగలికి చీర పెట్టారు

ముందు లోవలక్ష్మి గొంతు సంగతి చెప్పాలి. చినరేవులో మైకు లేకుండా మీటింగు పెట్టగల మనిషి ఆవిడ ఒక్కతే. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలవబోయే ముందు ఇసుక మేటల మధ్య ఒళ్ళు దగ్గరకు తీసుకునే చోట, నరసాపురంలో ఆటో ఎక్కితే రోడ్డు అయిపోయాక కూడా ఇంకాస్త దూరం ఉండే ఊరది. అక్కడి రేవులో నిలబడి ఆవిడ మొగుడు పల్లంరాజును అన్నానికి పిలిస్తే, అవతలి ఒడ్డున ఎవరో ఒకరు వల చుట్టేసుకుని ఇంటిదారి పడతారని చెప్పుకుంటారు. ఇందులో కాస్త అబద్ధం ఉందేమో గాని ఎక్కువ లేదు.

ఆ గొంతు పుట్టుకతో వచ్చింది కాదు, ఎండ ఇచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తల్లోనే అత్త సుబ్బాయమ్మ నెత్తిన చేపల తట్ట పెట్టి సంతకు తీసుకుపోయింది. తట్టలో చేప పొద్దున్న మహారాణి. ఎండెక్కేసరికి కళ్ళు లోపలికి పోతాయి, మధ్యాహ్నానికి బేరమాడేవాడు ముక్కు మూసుకుని మరీ బేరమాడతాడు. ఐసు ఉంటే ఈ గోల లేదు. ఐసేమో నరసాపురంలో ఉంది. దాన్ని ఊకలో కప్పి, గోనెలో చుట్టి, ఆటోలో వేసుకొస్తే, వేసవికాలం ఊరు చేరేది తడి గోనె, అందులో ఊక. అంచేత అరవాలి. చేప చెడేలోపు వీధి వీధంతా వినపడేలా అరిచి అమ్ముకోవాలి. సుబ్బాయమ్మ అలా అరిచి అరిచి ముసలిదయ్యింది. ఇప్పుడావిడ గొంతు పిచ్చుక గొంతంత మిగిలింది. లోవలక్ష్మి గొంతు ఇంకా రాజ్యమేలుతోంది.

అలాంటి ఊరికి నిడదవోలు నుంచి మంజుష అనే ఇంజినీరమ్మాయి వచ్చింది. సముద్రపు అలల నుంచి, పోటుపాటుల నుంచి కరెంటు తీసే పనులకు ప్రభుత్వం సాయం చేస్తోందట. ముందు కొన్నిచోట్ల చిన్న యంత్రాలు పెట్టి నడిపి చూస్తారట. అందులో ఒకటి చినరేవుకు వచ్చింది. నీళ్ళమీద తేలే రెండు పసుపుపచ్చ డొల్లలు, వాటి మధ్య నీళ్ళలోపల రెక్కల చక్రం. పోటు ఎగదన్నితే ఒకవైపు తిరుగుతుంది, పాటు దిగలాగితే రెండోవైపు తిరుగుతుంది.

"గుజరాత్ వైపు పోటు మేడంత ఎత్తు లేస్తుందండి. మన దగ్గర అంత రాదు," అంది మంజుష, స్కూలు వరండాలో ఊరందరినీ కూర్చోబెట్టి. "కానీ ఇక్కడ పాయ ఇరుకు కదా, నీళ్ళు విసురుగా వస్తాయి, విసురుగా పోతాయి. ఆ విసురే కావాలి మనకి. బాగా నడిచిందనుకోండి, పెద్దవాటికి సాయం ఇస్తారు. లేదనుకోండి, విప్పుకుని పట్టుకుపోతారు."

"మన పోటు చిన్నదని ఎవరన్నారండీ?" అని లేచింది లోవలక్ష్మి. అత్తారింటిని ఎవరైనా తక్కువ చేస్తే ఎలా లేస్తుందో అలాగే లేచింది. "మొన్న మా ఆయన చేతిలో తెడ్డు పట్టుకుపోయిందండి మన పోటు. ఇప్పటిదాకా తిరిగివ్వలేదు."

వచ్చే కరెంటు దేనికి వాడాలో ఊరే చెప్పాలన్నారు. మగవాళ్ళు రేవులో పెద్ద లైటన్నారు, గుడికి సీరియల్ బల్బులన్నారు. లోవలక్ష్మి ఒకే ఒక్క మాట అంది. "ఐసు." ఆ మాట స్కూలు గోడలకు తగిలి తిరిగొచ్చాక ఇంకెవరూ ఏమీ అనలేదు. డ్వాక్రా సంఘానికి ఆవిడే లీడరు కాబట్టి, ఐసు గది సంఘం ఆడవాళ్ళే నడుపుకోవాలని కూడా అప్పుడే తేలిపోయింది.

రేవు పక్కన ఐసు గది కట్టారు, నీలం రంగు వేశారు, తాళం పెట్టారు. ఢిల్లీ నుంచి ఆఫీసర్లు వచ్చి, యంత్రం నడక చూసి, సరేనంటేనే ఐసు మిషను వస్తుంది. అందాకా ఆ గది చూరుకు నాలుగు బల్బులు వేలాడదీశారు. యంత్రం తిరిగితే అవి వెలుగుతాయి.

సుబ్బాయమ్మకు ఇదంతా వేళాకోళం. తిరగేసిన తొట్టిమీద కూర్చుని, ఎండుచేపల మీదికి వచ్చే కాకుల్ని కర్రతో అదిలిస్తూ అనేది: "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మిషనే రాలేదు, గదికి రంగులా? నీళ్ళు ఐసుని కరిగిస్తాయి గాని ఐసుని కంటాయా ఎక్కడైనా? ఆ గోదారి తిరిగి ఐసిచ్చిన్నాడు నేను నీకు కోడల్నవుతాను, పో!"

"నా కోడలివైతే తెల్లారగట్ల లేవాలి మరి అత్తా," అనేది లోవలక్ష్మి.

పైకి నవ్వేది గాని, లోపల బెంగగానే ఉండేది. ఊరిని ఒప్పించింది తను. యంత్రం గనక నడవక, విప్పుకుని పట్టుకుపోతే, ఆ నీలం గది ఖాళీగా నిలబడి జీవితాంతం తనను వెక్కిరిస్తుంది. వెక్కిరింతైనా పడొచ్చు గాని, మళ్ళీ వేసవిలో ఆ తడి గోనెలు మోయడం ఆవిడ వల్ల కాదు.

ఇప్పుడు చీర సంగతి. చినరేవులో కొత్త పడవ నీళ్ళలోకి దిగాలంటే దానికి చీర పెట్టాలి. పడవంటే ఆడపిల్ల, గంగమ్మ ఇంటికి కాపురానికి వెళుతోంది. ఒంటిమీద కొత్తబట్ట లేకుండా పిల్లను ఎవరైనా పంపుతారా? పడవ ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఇంటి ఆడవాళ్ళు చీర చుట్టి ముడి వేస్తారు. అది ఎండకు ఎండి, ఉప్పుకు చివికి తనంతట తాను పోవాలి గాని మనిషి విప్పకూడదు. ఈ ఆచారం ఎందుకని అడిగేవాళ్ళు చినరేవులో పుట్టలేదన్నమాట, వాళ్ళకు చెప్పినా లాభం లేదు.

యంత్రాన్ని నీళ్ళలోకి దించిన రోజు మంజుష పసుపు రాయనిచ్చింది, కొబ్బరికాయ కొట్టనిచ్చింది. ఊరు దానికి గంగమ్మ తిరగలి అని పేరు పెడితే సంతోషించింది. చీర దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండు చేతులూ అడ్డం పెట్టింది. "చీర వద్దండి, దణ్ణం పెడతాను. గుడ్డ గాని తాడు గాని రెక్కల్లోకి వెళ్ళిందంటే చక్రం ఆగిపోతుంది."

లోవలక్ష్మి అందరి తరఫునా మాటిచ్చింది. సంఘం ఆడవాళ్ళను నిలబెట్టి గట్టిగా చెప్పింది కూడా. "ఒక్కరంటే ఒక్కరు దాని దగ్గరికి పోకూడదు. పోయారో, నా అంత చెడ్డది ఉండదు!" అందరూ తలలూపారు. అందరికన్నా గట్టిగా ఊపింది ఎదురింటి బేబీ.

తిరగలి తిరిగింది. బల్బులు వెలిగాయి. "మిణుగురు పురుగూ వెలుగుతుంది, ఐసు చూపించు," అంది సుబ్బాయమ్మ. కొన్నాళ్ళకు చక్రం కిర్రుమనడం మొదలైంది. మంజుష గ్రీజు పెట్టించింది, చప్పుడు తగ్గింది. కానీ లోవలక్ష్మి చెవికి ఆ కిర్రు ఇనుప చప్పుడులా వినపడలేదు. పుట్టింటివాళ్ళు బోసిగా పంపేశారని పిల్ల మూలుగుతున్నట్టు వినపడింది. చక్రానికి ఏదైనా అయితే? చీర పెట్టకపోబట్టే అయితే? అన్నం సహించలేదు ఆవిడకు. చివరికి తనకోసం కొనుక్కున్న ఎర్రంచు పసుపు చీర, ఇంకా మడత విప్పనిది, కొంగు కింద దాచుకుని మొగుడి దగ్గరికి వెళ్ళింది.

"ఏవయ్యా, నీళ్ళు నిలబడ్డాక ఒకసారి తిరగలి దాకా తీసుకెళ్ళు. ఎవరికీ చెప్పకు. సంఘంలో ఎవరికీ అసలు తెలియకూడదు."

పల్లంరాజు మాటల మనిషి కాదు. ఆ ఇంట్లో మాటల వాటా అంతా ఒకరికే పోయింది. "చెప్పను," అన్నాడు. ఎందుకో కాస్త దగ్గాడు.

పోటుకూ పాటుకూ మధ్య నీళ్ళు కదలకుండా నిలబడే కాసేపు ఉంటుంది. అప్పుడు చక్రం కూడా ఊరుకుంటుంది. ఆ వేళ చూసి వెళ్ళి, ఒడ్డున మంజుషకు కనపడకుండా, చక్రాన్ని పట్టి ఉంచే నదివైపు ఇనుప కమ్మీకి, నీళ్ళలోకి చెయ్యి భుజందాకా ముంచి, చీర చుట్టి ముడి వేసింది. గోదావరి నీళ్ళు బురద కదా, లోపలేముందో కనపడదు. "తల్లీ, ఆలస్యమైంది, ఏమనుకోకు," అని చెప్పి వచ్చేసింది. ఆ పూట రెండు పళ్ళేలు తింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. ఢిల్లీ ఆఫీసర్లు వచ్చే రోజు పొద్దున్న, పోటు మంచి ఊపుమీద ఉండగా, తిరగలి గక్కున ఆగిపోయింది. బల్బులు ఆరిపోయాయి. మంజుష మొహంలో నెత్తురుచుక్క లేదు. ఫోను మీద ఫోను. ఆఫీసర్లు రాజమండ్రిలో విమానం దిగారు, నిడదవోలు దాటారు, పాలకొల్లులో టీ తాగుతున్నారు.

"కరెంటు వైపు లోపమేం లేదండి," అంది మంజుష, ఎవరితో అంటున్నదో తెలియకుండా. "ఇది నడవలేదని రాసుకుని వెళ్ళిపోతారు. మళ్ళీ ఇటు రారు."

లోవలక్ష్మి ఆ మాట వింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఎక్కడ పట్టిందో తెలియకపోతే ఆ పిల్ల సాయంత్రం దాకా వెతుక్కోవాలి. ఆవిడ ముందుకొచ్చి, జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో అంది: "చీరండి. నేనే కట్టానండి."

మంజుష కళ్ళు మూసుకుని తెరిచింది. "ఎక్కడ?"

"నదివైపు కమ్మీకండి. నీళ్ళ కింద."

"ముడి విప్పితే వస్తుందా?"

"పడవ ముడండి. కొయ్యాల్సిందే."

తిట్టడానికి కూడా టైము లేదు. బ్రిడ్జి స్తంభాల దగ్గర నీళ్ళలో దిగి పనిచేసే యెహెజ్కేలుకు కబురు పెట్టారు. అతను వెంటనే వచ్చాడు, పోటు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంత విసురులో దిగితే నేను నరసాపురంలో తేలతానండి. నీళ్ళు నిలబడాలి. మధ్యాహ్నం అవుద్ది."

"వాళ్ళు గంటలో వచ్చేస్తారు!" అంది మంజుష.

లోవలక్ష్మికి గొంతు తిరిగొచ్చింది. "వాళ్ళ సంగతి మాకొదిలెయ్యండమ్మా. నీళ్ళు నిలబడేదాకా వాళ్ళని కూర్చోబెట్టే పూచీ మాది. ఒసే బేబీ! పొయ్యి ముట్టించండే!"

అతిథిని ఆకలితో పంపడం ఎక్కడైనా తప్పే. గోదావరి జిల్లాల్లో అతిథిని సులువుగా లేచి నడవగలిగేలా పంపడం కూడా లోటుకిందే లెక్క. ఆఫీసర్లలో పెద్దావిడ, ఢిల్లీ మేడమ్, కారు దిగగానే కొబ్బరిబోండం, దాని వెనక పూతరేకులు, కాజాలు. యంత్రం చూద్దామని ఆవిడ లేవబోతే అరిటాకు వేశారు. చందువా చేప వేపుడు, రొయ్యల ఇగురు, మామిడికాయ పప్పు, పీతల పులుసు. ఆవిడ వద్దని చెయ్యి అడ్డం పెడితే, వేళ్ళ సందుల్లోంచి వడ్డించే విద్య బేబీకి వచ్చు. వెంట వచ్చిన ఇద్దరు ఆఫీసర్లు బెల్టులు వదులు చేసుకున్నారు. మేడమ్ మాత్రం చేతులు పైకి మడుచుకుని, పీత కాలు కొరికి, రసం మోచేతిదాకా కారుతుంటే చిన్నపిల్లలా నవ్వింది.

తింటూ తింటూ ఆవిడ ఆగి ఏదో అడిగింది. మంజుష మొహం వాడిపోయింది.

"ఏమంటున్నారమ్మా?" అంది లోవలక్ష్మి.

"చక్రం చప్పుడు వినపడట్లేదేంటని అడుగుతున్నారండి."

అందరి చేతుల్లో గరిటెలూ ఆగిపోయాయి. లోవలక్ష్మి చేతిలో గరిటె కింద పెట్టింది. "చెప్పెయ్యండమ్మా. అన్నం పెట్టి అబద్ధం చెబితే తిన్నవాళ్ళకి అరగదు, పెట్టినవాళ్ళకి అచ్చిరాదు. చీర నాదని, పేరుతో సహా చెప్పెయ్యండి."

మంజుష చెప్పింది. మేడమ్ చెయ్యి కడుక్కుని, రేవుకు నడిచింది. వెనక ఊరంతా నడిచింది. అప్పటికి పోటు అలిసి, నీళ్ళు నిలబడుతున్నాయి. యెహెజ్కేలు నోట కత్తి కరుచుకుని దిగాడు. కాసేపటికి తల పైకెత్తి, ఎర్రంచు పసుపు చీర ముద్దను పడవలోకి విసిరాడు. లోవలక్ష్మి తల దించుకుంది.

"ఇంకోటుందండోయ్!" అని అతను మళ్ళీ మునిగాడు.

ఈసారి ఆకుపచ్చ చీర వచ్చింది. లోవలక్ష్మి తలెత్తి చూసింది. ఆ ఆకుపచ్చ ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసు. బేబీ ఆకాశంలో కొంగల్ని లెక్కపెడుతోంది. తర్వాత వంగపండు రంగు చీర వచ్చింది, సంఘంలో దుర్గాశ్రీ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. ఆ వెనక పువ్వుల చీర, గళ్ళ చీర, అంచు లేని చీర. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా సంఘంలో ఒక్కొక్క తల కిందికి దిగింది.

"నీక్కూడా చెప్పాను కదే!" అంది లోవలక్ష్మి, గొంతు తారస్థాయిలో.

"నువ్వు మాత్రం కట్టలేదేంటి?" అంది బేబీ. "చేతికి ఏదో మెత్తగా తగిలింది వదినా. నాచనుకున్నాను."

"నేనూ నాచే అనుకున్నానండి," అంది దుర్గాశ్రీ.

లోవలక్ష్మి మొగుడి వైపు తిరిగింది. "ఇంతమందినీ తీసుకెళ్ళింది ఎవరు?"

"నేనే," అన్నాడు పల్లంరాజు.

"మరి చెప్పవేం?"

"ఎవరికీ చెప్పొద్దన్నారు. నువ్వూ అదే అన్నావు." ఆ మనిషి నిజాయితీగానే అన్నాడు. అంతకన్నా పొడుగు మాట అతను ఆ ఏడాది మాట్లాడలేదు.

ఒడ్డంతా ఘొల్లుమంది. అప్పుడు యెహెజ్కేలు ఆఖరుసారి పైకొచ్చి, "ఇది అడుగున ఉందండి, అన్నిటికన్నా ముందు కట్టిందిది," అంటూ ఒక చీరను జాగ్రత్తగా అందించాడు. మెరూన్ రంగు పట్టుచీర. జరీ నల్లబడిపోయింది. లోవలక్ష్మి నవ్వు ఆగిపోయింది. ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండల మధ్య ఉండే చీర అది. కోడల్ని ముట్టుకోనిచ్చేది కాదు. అత్త పెళ్ళిచీర.

అందరూ తొట్టిమీద కూర్చున్న సుబ్బాయమ్మ వైపు తిరిగారు. ముసలమ్మ కర్రతో నేలమీద గీతలు గీస్తోంది.

"ఏంటలా చూత్తారు? ఆడపిల్ల నీళ్ళలోకి దిగితే చీర పెట్టరా? నా దగ్గర అంతకన్నా మంచిది లేదు, పెట్టాను. ఐసొత్తాదని కాదు."

ఎన్ని వేసవుల చేపలు ఆవిడ నెత్తిమీద కుళ్ళితే, తన చేత్తోనే గోదాట్లో పారబోసిందో లోవలక్ష్మికి తెలుసు. దగ్గరికి వెళ్ళి అత్త పక్కన నేలమీద కూర్చుంది. కళ్ళు తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

ఢిల్లీ మేడమ్ చీరలన్నీ ఒడ్డున ఆరేయించి, వాటి మధ్య ఒకసారి తిరిగింది. తర్వాత మంజుషతో చెప్పింది, మంజుష ఊరికి చెప్పింది. "స్థానికులకు ఇష్టమేనా అని మా ఫైల్లో ఒక ప్రశ్న ఉంటుందండి. కొన్నిచోట్ల మమ్మల్ని ఒడ్డుకే రానివ్వలేదు. యంత్రాన్ని ఇంటి ఆడపిల్లలా చూసుకున్న ఊరు ఇదొక్కటే. చక్రం చుట్టూ కంచె లేకపోవడం మా తప్పు, చీరలది కాదు. అని అంటున్నారండి."

మంజుష మాట పూర్తయ్యేలోపే పాటు మొదలైంది. చక్రం ఒకసారి ఉలిక్కిపడి, మెల్లగా కదిలి, ఊపందుకుంది. నీలం గది చూరుకు నాలుగు బల్బులూ పట్టపగలు వెలిగాయి. ఊరు వేసిన కేకకు తిరగేసిన పడవల మీది కాకులన్నీ లేచిపోయాయి.

దసరా వెళ్ళాక సాయం మంజూరైంది. రెండో తిరగలికి, రెండిటికీ ఇనుప వల కంచెకు, ఐసు మిషనుకు. వాటితోపాటు నీళ్ళపైన నిలబడే ఒక స్తంభం కూడా మంజూరైంది. కాగితాల్లో దాని పేరు 'సామాజిక అవసరాల స్తంభం'. చీర కట్టుకోవడానికని రాస్తే పై ఆఫీసులో ఒప్పుకుంటారో లేదోనని మంజుష అలా రాసిందట. ఇప్పుడు దానికి మెరూన్ పట్టుచీర కట్టి ఉంది. చిరుగులు కుట్టి, ఉతికి, సుబ్బాయమ్మే దగ్గరుండి మళ్ళీ కట్టించింది.

ఐసు మిషను నడిచిన మొదటి రోజు సంఘమంతా నీలం గది ముందు నిలబడింది. తలుపు తీయగానే చల్లటి పొగ కాళ్ళకు తగిలింది. పెద్ద ఐసు దిమ్మ గచ్చుమీదికి జారింది. సుబ్బాయమ్మ అందరినీ తోసుకుంటూ వచ్చి రెండు చేతులూ దానిమీద పెట్టింది. వేళ్ళు తిమ్మిరెక్కేదాకా తీయలేదు. ఆ తడి చేతులు మొహానికి రాసుకుంది, మెడకు రాసుకుంది, తట్ట మోసి మోసి జుట్టు పోయిన నడినెత్తిన రాసుకుంది.

తర్వాత ఒక ఖాళీ తట్ట నెత్తిన పెట్టుకుని, కోడలి ముందుకొచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆ పిచ్చుక గొంతును ఎంత పెంచగలదో అంతా పెంచి అంది: "అత్తగారూ! పని చెప్పండి. ఐసు ఏ తట్టలో వెయ్యమంటారు?"

ఆడవాళ్ళు నవ్వి నవ్వి ఒకరి మీద ఒకరు పడ్డారు. లోవలక్ష్మి నోరు తెరిచింది. గొంతు రాలేదు. అత్త నెత్తిమీది తట్టను రెండు చేతులతో దించి తన నెత్తిన పెట్టుకుంది.

"నువ్వు కూర్చో అత్తా," అంది, పక్కనే ఉన్న బేబీకి కూడా వినపడనంత మెల్లగా.